కైజర్‌టౌన్ నుంచి రోమెక్

ఆ ఏడు మే నెలలో ఒక మంగళవారం సాయంత్రం నాలుగు దాటాక, చనిపోయి నాలుగు నెలలైన మా తమ్ముడి పేరు రేడియోలో వినబడింది.

నేనప్పుడు బఫెలో ఊళ్ళో, మా కైజర్‌టౌన్ పేటలో, క్లింటన్ స్ట్రీట్ మీద ఆదెలా గారి బేకరీలో పనిచేసేదాన్ని. ఆఖరి వాయి రై రొట్టెలు పొయ్యిలోంచి తీసే వేళకి ఆవిడ రేడియో పెట్టడం ఆ వారమే మొదలుపెట్టింది. నాలుగింటికి బడ్ కెల్లర్ వచ్చేవాడు. ఊళ్ళోవాళ్ళందరూ అతనికి ఫోన్లు చేసి మా ఫెర్రీమెన్ బేస్‌బాల్ జట్టుని తనివితీరా తిట్టుకునే గంట అది. ఆ వసంతంలో తిట్లన్నీ ఒక్క మనిషికే పడేవి. లైల్ ట్రెడ్‌వెల్. ఎడమచేత్తో బంతి విసిరే పిచర్. నలభై ఒక్కేళ్ళు. జట్టువాళ్ళు జనవరిలోనే అతనికి మూడేళ్ళ కాంట్రాక్టు రాసిచ్చారు.

"మూడేళ్ళా!" అన్నాడు పోస్ట్‌మన్ వాల్టర్, కౌంటరుకి ఆనుకుని. "మొన్న కొత్త కారు కొంటే నాకు రెండేళ్ళే గ్యారంటీ ఇచ్చారు. అది కొత్తది."

"నీ కారు రెండుసార్లు కప్పు గెలిపించలేదుగా," అంది ఆదెలా.

"ఎప్పుడమ్మా గెలిపించింది? నాకు జుట్టున్నప్పుడు."

ఆమె నవ్వుతుండగానే రేడియోలో బడ్ కెల్లర్ అన్నాడు, "లైన్లో కైజర్‌టౌన్ నుంచి రోమెక్. చెప్పవయ్యా రోమెక్."

"బడ్, మీరంతా బంతి ఎంత జోరుగా వస్తోందో అదొక్కటే చూస్తున్నారు," అంది ఆ గొంతు. "ట్రెడ్‌వెల్ ఇప్పుడు బంతి విసరడు. అడుగుతాడు. ఎదురుగా ఉన్న బ్యాటర్‌ని, నీకేం కావాలయ్యా అని అడుగుతాడు. వాడికి కావలసినదానికి జానెడు ఇవతల పెడతాడు. అది పాతికేళ్ళ కుర్రాడు ఏ చేత్తో చేస్తాడో చెప్పు."

నా చేతిలో వేడి రేకు ఉంది. గుడ్డ జారిపోయినా నాకు తెలియలేదు. అరచేయి కాలిన వాసన ముందు ఆదెలాకే వచ్చినట్టుంది, పరుగున వచ్చి నా చేయి కుళాయి కింద పెట్టింది.

"ఊళ్ళో ఇంకో రోమెక్ ఉండకూడదా ఏమిటి," అంది మెల్లగా, నా వైపు చూడకుండా. మా తమ్ముడి సంతాప భోజనానికి రొట్టెలు చేసింది ఆవిడే.

ఇంకో రోమెక్ ఉండొచ్చు. ఆ మాటలు మాత్రం ఇంకొకరివి కావు. జనవరిలో ఆదివారం భోజనం దగ్గర మా తమ్ముడు సరిగ్గా ఆ మాటలే అన్నాడు, జానెడుతో సహా. గొంతు వాడిది కాదు. వాడి తొందర ఉంది, మాట చివర ఎత్తి వదిలే పద్ధతి ఉంది, కానీ 'చెప్పు' అనేముందు గొంతు సవరించుకున్న ఆ చిన్న శబ్దం, ముప్ఫై ఒక్క ఏళ్ళు ఉక్కు మిల్లు పొగ మింగినవాడిది. అది మా నాన్న.

ఆ ఆదివారం సంగతి చెప్పాలి. పేపర్లో కాంట్రాక్టు వార్త వచ్చింది. రోమెక్ అప్పటికే విడిగా గది తీసుకుని, డిపోలో ట్రక్కు నడుపుకుంటున్నాడు. ఆదివారాలు మాత్రం మా ఇంటికి వచ్చి తినేవాడు. సూపు చల్లారకముందే మొదలైంది. రోమెక్ ఆ జానెడు మాట చెప్పి ముగించేసరికి నాన్నకి కోపమొచ్చింది.

"నలభై ఒక్కేళ్ళ ముసలి మేకకి మూడేళ్ళా?" అన్నాడు నాన్న. "ముప్ఫై ఒక్క ఏళ్ళు కొలిమి ముందు నిలబడితే నాకు మూడు వారాల నోటీసిచ్చారు. నాకెవడిచ్చాడు కాంట్రాక్టు?"

"నీకు ఇవ్వలేదని ఇంకెవరికీ ఇవ్వకూడదా?" అన్నాడు రోమెక్. అంటూనే నాలుక కరుచుకున్నాడు. "అది కాదు నాన్నా. నేను చెప్పేది విను."

"విన్నాను చాలు." నాన్న కంచం తోసేసి లేచాడు.

నేనే రోమెక్ కోటు తెచ్చి ఇచ్చాను. "బయల్దేరరా, మంచు పెరుగుతోంది. మిగతాది వచ్చే ఆదివారం కొట్టుకుందురుగాని," అన్నాను. అరగంట తరవాత రేవు మీది పెద్ద వంతెన దగ్గర వాడి బండి జారింది.

నాలుగు నెలల్లో మా ఇంట్లో ఎవరూ ఎవరినీ నిందించలేదు. నిందించి ఉంటే కొంచెం ఊపిరాడేదేమో.

*

గురువారం నాకు సెలవు. నాలుగింటికి ఇంట్లోనే ఉన్నాను. అమ్మ వంటింట్లో బంగాళదుంపల తొక్క తీస్తోంది. కిటికీ గట్టు మీద రేడియో, పక్కన నిలబడితే తప్ప వినపడనంత చిన్నగా. నాన్న కింద, నేలమాళిగలో ఉన్నాడు. మిల్లులోంచి పంపించేశాక అక్కడ ఒక బల్ల వేసుకుని కుర్చీలూ గడియారాలూ బాగుచేసేవాడు. బల్ల దగ్గరికి టెలిఫోను తీగ తనే లాక్కున్నాడు.

మా కాళ్ళ కింద నుంచి గొంతు మొదలైంది. చెక్క నేలలోంచి మాటలు సగమే వచ్చేవి, బొంగురుగా. అమ్మ చాకు ఆపింది. కొన్ని క్షణాల తరవాత అవే మాటలు కిటికీ గట్టు మీది నుంచి వచ్చాయి, తేలిగ్గా, చురుగ్గా. ఎవరైనా బూతులాడితే కత్తిరించడానికి రేడియోవాళ్ళు మాటల్ని ఏడు క్షణాలు పట్టి ఉంచి వదులుతారట. ఆ సంగతి ఆమే చెప్పింది.

"ముందొచ్చేది మీ నాన్న," అంది అమ్మ. "తరవాతొచ్చేది రోమెక్."

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"ఈస్టర్ ముందు నుంచి."

"ఆపమనలేదా అమ్మా?"

"ఆపితే? వారానికి మూడుసార్లు వాడి పేరు పెట్టి ఇంకెవరు పిలుస్తారు? ఫాదర్ నోవిట్స్కీ పిలుస్తాడా? నెలకోసారి పూజలో చదువుతాడు, అదీ తప్పుగా." ఆమె మళ్ళీ చాకు తీసుకుంది. "ఉండు, కొంచెం విననీ."

రేడియోలో ఇంకో మనిషి ట్రెడ్‌వెల్ మోచెయ్యి మ్యూజియంలో పెట్టాలంటున్నాడు. నేల కింద నుంచి నవ్వు వచ్చింది. అమ్మ తల వంచుకుని ఎదురుచూసింది. ఏడు క్షణాలకి రోమెక్ నవ్వాడు.

ఆ సాయంత్రం భోజనానికి నాన్న పైకొచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాడు. "ఆ ముసలి మేక నిన్న మళ్ళీ ఆరు పరుగులిచ్చాడు," అన్నాడు, ఏమీ ఎరగనట్టు. "పాతికేళ్ళ వాళ్ళని బల్ల మీద కూర్చోబెట్టి వీణ్ణి మేపుతున్నారు."

"రేడియోలో ఎవరో వెనకేసుకొస్తున్నాడట," అంది అమ్మ.

నాన్న రొట్టె తుంచాడు. తుంచిన ముక్క నోట్లో పెట్టుకోలేదు.

"ఎవడో కుర్రాడు," అన్నాడు. "లోకం తెలీదు గాని, మాట బాగుంటుంది."

అమ్మ ఆయన కంచంలో బంగాళదుంప కూరిన పియెరోగి ఇంకోటి వేసింది. నేను లేచి వెళ్ళి కుళాయి తిప్పి, ఊరికే నీళ్ళు పోనిచ్చాను.

*

జూన్‌లో ట్రెడ్‌వెల్ వరసగా నాలుగు ఆటలు గెలిచాడు. ఊరు రెండుగా చీలింది. మంగలి షాపులో, చర్చి మెట్ల మీద, మా బేకరీలో ఒకటే గోల. ఆ డబ్బుతో ముగ్గురు కుర్రాళ్ళొచ్చేవారని ఒకరంటే, ఆ ముగ్గురికీ బంతి ఎలా దాచుకోవాలో నేర్పేదెవరని ఇంకొకరు. చచ్చేదాకా ఆడనిస్తారా అని ఒకరు, నీకేం, నీ జేబులోంచి ఇస్తున్నావా అని ఇంకొకరు. ఎవరు వాదించినా, ఎటు వాదించినా, మధ్యలో ఒకసారి ఆ పేరు రాకుండా ఉండేది కాదు.

"రోమెక్ నిన్న ఏమన్నాడో విన్నావా? ముసలాడికి ఇచ్చేది జీతం కాదట, అద్దెట. మైదానంలో బుర్ర ఉన్నందుకు కట్టే అద్దె."

"ఆ రోమెక్ ఎవడో గాని లాయరు కావలసినవాడు."

మిసెస్ గుర్‌స్కా అని వీధి చివర ఉండే ఆవిడ రోజూ రెండు రై రొట్టెలు తీసుకునేది. మా వాడకి కొత్త, ఏప్రిల్లోనే వచ్చింది. ఒకరోజు డబ్బాలో చిల్లర వేస్తూ అడిగింది.

"ఆ కుర్రాడికి పెళ్ళయిందో లేదో నీకేమైనా తెలుసా అమ్మాయ్? నవ్వకు. మా చిన్నపిల్లకి ఇలాంటివాడైతే బాగుండును. మాట్లాడేవాడు. ఇంట్లో నోరు మూసుకుని కూర్చునే మగాళ్ళతో నేను విసిగిపోయాను."

"కాలేదు," అన్నాను.

"నీకు తెలుసా అతను? ఎలా ఉంటాడు?"

"పొడుగ్గా ఉంటాడు. ఎడమ చెవి కొంచెం బయటికి ఉంటుంది. టోపీ పెడితే అది వంగి ఇంకా కనిపిస్తుంది. కాఫీలో చక్కెర నాలుగు చెంచాలు. అడ్డమొచ్చిన ప్రతి కుక్కనీ పలకరిస్తాడు."

"మంచిదే. కుక్కలకి తెలుస్తుంది మనిషి సంగతి."

ఆవిడ వెళ్ళాక రొట్టెలు చుట్టే కాగితం చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాను. అబద్ధం ఒక్కటీ చెప్పలేదు. ఉండేవాడు అనవలసిన చోట ఉంటాడు అన్నాను, అంతే. అలా అన్నంతసేపూ నాకు ఎంత సంతోషంగా ఉందో తలచుకుంటే భయం వేసింది. ఆ రోజు నుంచి నేను కూడా నాలుగింటికి ఎదురుచూడడం మొదలుపెట్టాను. ఇంట్లో మేం ముగ్గురం ఒకరికొకరు తెలియనట్టు నటిస్తూ, నాలుగో మనిషికి చోటిచ్చి బతుకుతున్నాం.

నాన్న మారాడు. గడ్డం రోజూ గీసుకునేవాడు. పేపరు చదువుతూ పెన్సిలుతో గీతలు పెట్టేవాడు. రెండు చెంచాల చక్కెర నాలుగైంది. ఒక మధ్యాహ్నం ఆయన మెట్లు దిగుతూ ఈల వేశాడు. రోమెక్ వేసే ఈల. అమ్మా నేనూ ఒకరినొకరు చూసుకోలేదు.

జూలైలో ట్రెడ్‌వెల్ మళ్ళీ ఓడడం మొదలుపెట్టాడు. తొమ్మిదింటిలో మూడో ఇన్నింగ్స్ దాటకుండానే బంతి విసిరే దిబ్బ దిగి వెళ్ళిపోయేవాడు. బడ్ కెల్లర్ గొంతులో కూడా జాలి వచ్చింది. "ఒప్పుకో రోమెక్, ఇక చాలు," అనేవాడు. నేల కింది గొంతు గట్టిపడేది. "నలుగురు ఓడితే జట్టంటారు, ఇతను ఓడితే వయసంటారు. అదేం న్యాయం బడ్?"

*

ఆగస్టు రెండో గురువారం ఉక్కగా ఉంది. సరస్సు మీది నుంచి గాలి లేదు. అమ్మ దోసకాయలు ఉప్పునీటిలో వేస్తోంది. నేను మూతలు తుడుస్తున్నాను. నాన్న కింద ఉన్నాడు. మాటలు రెండుసార్లూ వస్తున్నాయి.

"ఒక్క నిమిషం రోమెక్, లైన్లో ఉండు," అన్నాడు బడ్ కెల్లర్. "లాకవానా నుంచి డెల్మర్ అట. నీతోనే మాట్లాడాలంటున్నాడు."

"బడ్, నేను ట్రక్కు డిపోలో పనిచేస్తాను," అన్నాడు కొత్త మనిషి. నెమ్మదిగా, బరువుగా మాట్లాడుతున్నాడు. "మొన్నటిదాకా పగటి డ్యూటీ. ఈ ప్రోగ్రాం వినడం ఈ వారమే. కైజర్‌టౌన్‌లో నాకు తెలిసిన రోమెక్ ఒక్కడే. జనవరిలో అతని శవపెట్టె మోసిన ఆరుగురిలో నేనొకణ్ణి. అతని మాటలు పట్టుకుని, అతని పేరు పెట్టుకుని ఈ ఆటలాడుతున్నది ఎవడో నాకు తెలియాలి."

రేడియోలో మాట ఆగిపోయింది. నేను మూత పట్టుకుని నిలబడ్డాను. కుర్చీ జరిగిన చప్పుడు కూడా రాలేదు కింద నుంచి.

"రోమెక్?" అన్నాడు బడ్ కెల్లర్. "ఉన్నావా?"

అమ్మ ఉప్పునీళ్ళు చేతుల మీద అలాగే ఉండగా గోడ దగ్గరికి వెళ్ళి వంటింటి ఫోను తీసింది. ఇంటికంతా ఒకటే లైను. నేను గభాల్న రేడియో ఎత్తి చెవికి ఆనించుకున్నాను.

"నేను రోమెక్ తల్లిని," అంది అమ్మ. "ఆయన ఎవరో కాదు. ఆయన్ని ఏమీ అనకండి."

ఆ మాటలు నా చెవిలో మళ్ళీ వచ్చేలోపే నేల కింద నుంచి నాన్న మొదలుపెట్టాడు. ఈసారి తొందర లేదు. ముసలి గొంతు.

"నా పేరు బోలెస్లావ్ వ్రోనా. రోమెక్ నా కొడుకు. డెల్మర్, నువ్వు ముందు వరసలో ఎడమ పక్క పట్టుకున్నావు. చేతికి తొడుగుల్లేవు నీకు. గుర్తుంది." గొంతు సవరించుకున్నాడు. "వాడు ఏదో చెప్పబోతుంటే నేను లేచి వెళ్ళిపోయాను. ఆ మాట సగంలో ఉండిపోయింది. మిగతాది ఏమై ఉంటుందా అని రోజూ... అంతే. తప్పే. క్షమించండి."

అమ్మ ఫోను చెవి నుంచి తీయలేదు.

"సార్," అన్నాడు డెల్మర్ చివరికి. "మీరని తెలిస్తే ఫోన్ చేసేవాణ్ణి కాదు."

"మంచిపని చేశావు."

"డిపోలో కూడా ఇదే గోల సార్ వాడిది. ట్రెడ్‌వెల్, కాంట్రాక్టు. మేం ఏడిపిస్తే ఒకటే మాట అనేవాడు. మీకు చెప్పాడో లేదో నాకు తెలీదు." ఆగాడు. "మా నాన్న కరిగిన ఉక్కు రంగు చూసి వేడి చెప్పేవాడు, అనేవాడు రోమెక్. ఆయన్ని పంపించేసి మీటరు పెట్టారు. మీటరు చూసి అచ్చుల్లో పోశారు, మూడుసార్లు సరుకంతా పాడైంది. చూసి చెప్పేవాడికి డబ్బివ్వడం అంటే ఏమిటో మా నాన్నకే తెలియాలి, ఆయనే తెలీదన్నట్టు మాట్లాడతాడు, ఎప్పుడైనా కూర్చోబెట్టి చెప్పాలి, అనేవాడు సార్."

నా చెవిలో గరగరమంది. బడ్ కెల్లర్ మధ్యలోకి రాలేదు.

"మూడుసార్లు కాదు," అన్నాడు నాన్న నేల కింద నుంచి. "రెండుసార్లే."

ఫోను పెట్టేశాడు. ఏడు క్షణాలకి నా చెవిలో ఎవరో అదే మాట అన్నారు. ఈసారి రెండు గొంతులూ ఒకటే.

నాన్న పైకి రావడానికి ఆరున్నరైంది. అమ్మ అప్పటికి జాడీలన్నీ నింపి వరసగా పెట్టింది. ఆయన వాటిని చూసి, "ఈ ఏడు ఎక్కువ పెట్టావే," అన్నాడు. అమ్మ అవునంది. ముగ్గురం తిన్నాం. ఎవరూ ట్రెడ్‌వెల్‌ని ముసలి మేక అనలేదు.

*

ఆ తరవాత ఆయన నాలుగింటికి కిందికి దిగలేదు. బేకరీలో జనం నన్ను చూడగానే మాట మార్చేవాళ్ళు. వాల్టర్ వారం రోజులు ఉత్తరాలు ఇచ్చి మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మిసెస్ గుర్‌స్కా ఒక్కతే నా చేయి పట్టుకుని, "ఎడమ చెవి అన్నావు కదూ," అంది. అవునన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఆ రోజు మూడు రొట్టెలు తీసుకుంది.

అందరికీ తెలిసిపోయాక తేలికవుతుందనుకున్నాను. అవలేదు. అంతకుముందు ఇంట్లో వాడు లేడనే సంగతి ఒక్కటే ఉండేది. ఇప్పుడు నేల కింద నిశ్శబ్దం కూడా తోడైంది. నాలుగవగానే అమ్మ చేతిలో పని ఉన్నచోటే ఆగేది. ఓసారి ఆమె చెప్పులు విప్పి, నేల మీద అరికాళ్ళు ఆనించి కూర్చుని ఉండడం చూశాను.

సెప్టెంబర్ మూడో వారంలో జట్టువాళ్ళు ట్రెడ్‌వెల్‌ని తీసేశారు. మిగిలిన రెండేళ్ళ డబ్బూ ఇచ్చేసి మరీ ఇంటికి పంపించారు. పేపర్లో ఫోటో వేశారు, మామూలు చొక్కాలో, చేతిలో ఒక అట్టపెట్టెతో. నాన్న ఆ పేజీ మడతపెట్టకుండా వంటింటి బల్ల మీద పరిచి ఉంచాడు.

ఆ రోజు నాలుగింటికి అమ్మే రేడియో పెట్టింది. ఇన్నాళ్ళూ పెట్టినట్టు చిన్నగా కాదు, ఇంటికంతా వినపడేలా. నాన్న అక్కడే కుర్చీలో ఉన్నాడు. నేను పని నుంచి తొందరగా వచ్చేశాను. ఆదెలా తనే పొమ్మంది.

తిట్టినవాళ్ళే ఆ రోజు ఫోన్ చేసి ఏడ్చారు. ఒకడు, అతను మొదటి కప్పు గెలిచిన రోజే మా అమ్మాయి పుట్టిందన్నాడు. ఇంకొకడు, చివరి ఆటకి ఎవరూ లేచి నిలబడలేదు, నేను కూడా లేవలేదు, అన్నాడు. అరగంట గడిచాక బడ్ కెల్లర్ గొంతు తగ్గించాడు.

"కైజర్‌టౌన్‌లో ఎవరైనా వింటుంటే," అన్నాడు, "ఒక లైను ఖాళీగా ఉంచాం. తొందరేం లేదు."

అమ్మ నాన్నని చూసింది. నేనూ చూశాను. గోడకున్న ఫోను ఆయనకి నాలుగడుగుల దూరంలో ఉంది. చేత్తో మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాడు.

"చెయ్యి నాన్నా," అన్నాను. "వాడైతే ఏమంటాడో చెప్పు."

"తెలీదు హలింకా." ఫోటో వైపు చూస్తూనే అన్నాడు. "గెలిస్తే ఏమంటాడో తెలుసు. ఓడితే ఏమంటాడో తెలుసు. నిజంగా పంపించేస్తే ఏమంటాడో... అంతదాకా వస్తుందని వాడెప్పుడూ అనుకోలేదు. ఎంత వెతికినా నాకు వాడి మాట దొరకడం లేదు."

రేడియోలో ఏదో సబ్బు ప్రకటన వచ్చి పోయింది.

"సరే, వాడి మాట వద్దు," అంది అమ్మ. "నువ్వేమంటావు బోలెక్?"

"నేనా?"

ఇంట్లో ఎవరూ ఆయన్ని ఆ ప్రశ్న అడగలేదని నాకప్పుడే తట్టింది. ఫోన్లు మొదలైనప్పటి నుంచి కాదు, జనవరి నుంచి. ఆయన అరచేత్తో పేపరు మీది ముడతలు సాపు చేశాడు.

"ఉంచాల్సింది," అన్నాడు. "ఇంకొన్నాళ్ళు ఉంచాల్సింది."

అమ్మ వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది. బడ్ కెల్లర్ ఇంకొంచెంసేపు ఆగాడు. తరవాత చిక్టవాగా నుంచి ఎవరినో లైన్లోకి పిలిచాడు.